‘ఆఫ్’ చేస్తే మొనగాడా?

స్పోర్ట్స్ కారు లోపల, గేరు పక్కనో స్టీరింగు కిందో ఓ చిన్న బటన్ ఉంటుంది. దానిమీద కారు బొమ్మ, ఆ కారు వెనకాల పాము పాకినట్టు రెండు వంకర గీతలు. దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే మీటర్ల మధ్య పసుపు దీపం వెలుగుతుంది. ‘ఇక నీ పాట్లు నువ్వే పడు’ అని కారు చెప్పేసిందన్నమాట. మలుపుల్లో బండి జారిపోకుండా అప్పటిదాకా కాపలా కాసిన కంప్యూటరు ఇక చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ కాపలాదారు పేరు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. పొట్టిగా ఈఎస్‌సీ. మెర్సిడెస్ వాళ్లు దాన్నే ఈఎస్‌పీ అంటారు, పోర్షె వాళ్లు పీఎస్ఎం, బీఎండబ్ల్యూ వాళ్లు డీఎస్‌సీ.

కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు నలుగురు చేరితే ఈ బటన్ దగ్గర రెండు జట్లయిపోతారు. అది ఆన్‌లో పెట్టుకుని స్పోర్ట్స్ కారు నడపడమంటే, పక్క సీట్లో నాన్నను కూర్చోబెట్టుకుని కుర్ర సినిమా చూడటంలాంటిదని ఒక జట్టు. బతికుంటే బలుసాకు తినొచ్చని రెండో జట్టు. ఇంతకీ ఎవరిది నిజం?

అది తేలాలంటే ముందు కారు ఎలా జారుతుందో తెలియాలి. మలుపులో జారడం రెండు రకాలు. స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు మాట వినకుండా బండి తిన్నగా పోవడం ఒకటి. వెనక చక్రాలు పట్టు తప్పి, బండి తోక బయటికి విసిరేయడం రెండోది. వానలో స్కూటర్ వెనక బ్రేకు గట్టిగా తొక్కినవాళ్లకు ఈ రెండో రకం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

స్టీరింగు ఎంత తిరిగిందో చెప్పడానికి కారులో ఒక సెన్సర్ ఉంటుంది. బండి నిజంగా ఎంత వేగంగా పక్కకు మళ్లుతోందో ఇంకోటి చెబుతుంది. పక్కకు ఎంత తోపు పడుతోందో, ఒక్కో చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పేవి మరికొన్ని. డ్రైవరు పోదామనుకున్న దారీ, బండి పోతున్న దారీ ఒకటేనా అని ఈఎస్‌సీ సెకనుకు పాతిక సార్లు సరిచూసుకుంటుంది. తేడా కనిపిస్తే ఇంజిన్ జోరు తగ్గించి, ఏ చక్రానికి అవసరమో ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. ఎడమ మలుపులో తోక విసిరితే కుడివైపు ముందు చక్రానికి, ముందు భాగం మాట వినకపోతే ఎడమవైపు వెనక చక్రానికి. పడవవాడు ఒక పక్కన తెడ్డు అడ్డుపెడితే పడవ ఆ పక్కకు తిరుగుతుంది చూడండి... అదే సూత్రం.

‘చేతకానివాళ్లకే ఈఎస్‌సీ’ అనే వాదన నిలబడనిది ఇక్కడే. ఎంత గొప్ప డ్రైవరుకైనా కారులో ఉన్నది ఒకే బ్రేకు పెడల్. నాలుగు చక్రాలకు నాలుగు పెడళ్లు పెట్టినా, వాటిని విడివిడిగా తొక్కడానికి నాలుగు కాళ్లున్న మనిషి ఇంకా పుట్టలేదు. పైగా గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. ‘ఏదో తేడాగా ఉందే’ అని మనిషికి తట్టేసరికి మలుపు సగం అయిపోతుంది. అలాగని ఈఎస్‌సీ మంత్రదండమేమీ కాదు. టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టును అది పెంచలేదు, ఉన్నదాన్ని పొదుపుగా వాడుతుంది, అంతే. అరవైలో తిరగాల్సిన మలుపులోకి నూట నలభైలో దూరినవాణ్ని అదీ కాపాడలేదు.

విచిత్రమేమిటంటే, దీన్ని ఇంటింటి కారులోకి తెచ్చింది రేసులు కాదు... ఓ అడవి జంతువు! బాష్, మెర్సిడెస్ కలిసి 1995లో ఈఎస్‌పీని మొదట ఖరీదైన ఎస్-క్లాస్ కూపేలో పెట్టాయి. రెండేళ్ల తర్వాత మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే చిన్న కారు తెచ్చింది. స్వీడన్‌లో దుప్పిలాంటి పెద్ద జంతువులు హఠాత్తుగా రోడ్డుమీదకు వస్తాయి కాబట్టి, అక్కడి ఓ మోటారు పత్రిక ప్రతి కొత్త కారునూ గబుక్కున పక్కకు తప్పించి, మళ్లీ వెంటనే సొంత వరుసలోకి తెచ్చి పరీక్షిస్తుంది. 1997 అక్టోబరులో ఆ పరీక్షలో ఏ-క్లాస్ బోల్తా పడింది. వేగం గంటకు 60 కిలోమీటర్లు మాత్రమే. పరువు పోయిన కంపెనీ అమ్మకాలు నిలిపేసింది, అప్పటికే అమ్మినవాటిని వెనక్కి పిలిపించింది, ప్రతి ఏ-క్లాస్‌కీ ఈఎస్‌పీ బిగించింది. దాంతో, చిన్న కారుకే ఉన్నది పెద్ద కార్లకు ఎందుకు లేదన్న ప్రశ్న మొదలైంది. ఈఎస్‌పీ రూపకల్పనలో ముఖ్యుడైన బాష్ ఇంజినీరు ఆంటన్ వాన్ జాంటెన్‌కు 2016లో ఐరోపా పేటెంట్ సంస్థ జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది.

అమెరికా రహదారి భద్రత సంస్థ 2007లో లెక్కలు వేసింది. ఇంకో బండిని గుద్దకుండా తనకు తానే జరిగే ప్రమాదాలు ఈఎస్‌సీ వల్ల కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని తేల్చి, 2012 మోడళ్ల నుంచి తప్పనిసరి చేసింది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కారు ప్రతిదానికీ అది ఉండాల్సిందే. 1992లో వచ్చిన డాడ్జ్ వైపర్ కథ సరదాగా ఉంటుంది. 8 లీటర్ల ఇంజిన్, 400 హార్స్‌పవర్. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, బయటినుంచి తలుపు తీయడానికి పిడి కూడా లేదు! అంతటి మొండిఘటం కూడా చట్టానికి తలవంచి 2013 మోడల్‌లో ఈఎస్‌సీ పెట్టుకోక తప్పలేదు.

మరి స్పోర్ట్స్ కార్ల మీదే ఇంత రగడ ఎందుకు? వాటి స్వభావమే అంత. 1975లో వచ్చిన పోర్షె 911 టర్బోకి ఇంజిన్ వెనక చక్రాలకు ఇంకా వెనకాల ఉండేది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువంతా ముందుకు ఒరిగి, వెనక చక్రాల పట్టు పోయి, తోక తిరిగేది. పోనీ తొక్కుదామా అంటే టర్బో శక్తి కాసేపు జాడలేకుండా ఉండి, ఒక్కసారిగా విరుచుకుపడేది. తీస్తే ఒక తంటా, తొక్కితే మరో తంటా! అందుకే దానికి ‘విడో మేకర్’ అని పేరు పడింది. తాళిబొట్లు తెంపే కారన్నమాట. 911ల్లోకి పీఎస్ఎం 1998లో వచ్చింది.

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ నటుడు పాల్ వాకర్, కారు నడుపుతున్న ఆయన స్నేహితుడు ఇద్దరూ చనిపోయారు. ఆ స్నేహితుడు కొత్తవాడేం కాదు, రేసుల్లో పాల్గొన్నవాడే. కారు పోర్షె కరేరా జీటీ, 600కు పైగా హార్స్‌పవర్. అందులో ఈఎస్‌సీ ఆఫ్ చేయడమన్న మాటే లేదు, అసలు ఉంటేగా! దాన్ని కంపెనీ పెట్టనే లేదు. గంటకు 72 కిలోమీటర్లు దాటకూడని రోడ్డుమీద వేగం 129 నుంచి 150 మధ్య ఉందనీ, కారులో లోపం కనిపించలేదనీ, మితిమీరిన వేగమే కారణమనీ దర్యాప్తులో చెప్పారు. టైర్ల వయసు తొమ్మిదేళ్లు. ఈఎస్‌సీ ఉంటే బతికేవాళ్లా అన్నదానికి జవాబు లేదు కానీ, వేగం, పాత టైర్లు, కాపలా లేని కారు... మూడూ ఒకచోట చేరితే అనుభవం కూడా అక్కరకు రాలేదు.

అయితే ఆఫ్ చేసేవాళ్ల మాటలో అసలు పస లేదనలేం. మొదట్లో వచ్చిన ఈఎస్‌సీలు మహా చాదస్తంగా ఉండేవి. బండి వెంట్రుకవాసి జారినా ఇంజిన్ గొంతు నొక్కేసేవి. రేసు ట్రాక్ మీద గంటసేపు నడిపితే అవి పదేపదే బ్రేకు వేయడంతో బ్రేకులు కాగిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అది డ్రైవరు తప్పుల్ని గుట్టుగా సర్దేస్తుంది. తప్పు చేసినట్టే తెలియకపోతే నేర్చుకునేదెలా? ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇసుకలోనో బురదలోనో దిగబడిన బండిని బయటికి లాగేటప్పుడూ ఆఫ్ చేయాల్సిందే. చక్రం కాస్త గిర్రున తిరగందే బండి కదలదు, ఆన్‌లో ఉంటే కంప్యూటరు దాన్ని తిరగనివ్వదు.

కంపెనీలు మధ్యేమార్గాలూ వెతికాయి. 2004లో ఫెరారీ ఎఫ్430 స్టీరింగు మీదే ఒక చిన్న తిరుగుడు మీట పెట్టింది. మంచు రోడ్డు దగ్గర్నుంచి రేసు దాకా, చివరికి పూర్తిగా ఆఫ్ దాకా అందులో మెట్లున్నాయి. ఇప్పటి స్పోర్ట్స్ కార్లు చాలావాటిలో తోకను కాస్త జారనిచ్చి, చెయ్యి దాటేముందు పట్టుకునే పద్ధతి ఉంది. పందెం రాయుళ్లకు సైతం ఇది చాలు.

‘ఫార్ములా వన్‌లో ఇవేవీ ఉండవుగా’ అన్నది ఇంకో వాదన. ఉండవు, నిజమే. 2008 నుంచి అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం. కానీ అక్కడ కార్లన్నీ ఒకే దిక్కుకు పోతాయి. జారితే ఆగడానికి కంకర మైదానాలుంటాయి, నెత్తిన హెల్మెట్ ఉంటుంది, పక్కన అంబులెన్స్ ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు పెట్టినప్పుడు మామూలు రోడ్లే వాడారు. ముందు వాటిని మూసేసి, రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టిన తర్వాతే కార్లు వదిలారు. రోజూ వెళ్లే దారిలో ఆ గోడ స్థానంలో చెట్టు ఉంటుంది, బస్టాపులో జనం ఉంటారు, అడ్డంగా వచ్చే ఆటో ఉంటుంది. అక్కడ ఆఫ్ చేసేవాడు పణంగా పెడుతున్నది తన ప్రాణం ఒక్కటే కాదు, వాళ్లనెవరూ అడగలేదు కూడా.

నేర్చుకోవాలన్న సరదా ఉంటే దానికీ చోట్లున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో, గ్రేటర్ నోయిడాలో రేసు ట్రాక్‌లున్నాయి. ముందు ఆన్‌లో పెట్టి తిరగాలి. పసుపు దీపం ఎక్కడెక్కడ మిణుకుమంటోందో గమనిస్తే, తప్పు ఎక్కడ చేస్తున్నారో కారే చెబుతుంది. ఆ దీపం మిణుకుమనకుండా, వేగం తగ్గకుండా నడపడం వచ్చాక, నేర్పేవాళ్లు పక్కనుండగా ఆఫ్ చేయొచ్చు. మెట్లు దాటేసి నేరుగా ఆఫ్‌కి పోవడం నేల విడిచి సాము.

ఇదంతా కోట్ల కార్లున్నవాళ్ల గొడవ అనుకోనక్కర్లేదు. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న మామూలు కార్లలోనూ చాలావాటికి ఈఎస్‌సీ ఉంది. వంకర గీతల దీపం వానలో మిణుకుమిణుకుమంటే అది పనిచేస్తోందని, రోడ్డు జారుతోందని అర్థం. వేగం తగ్గించాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఎవరో ఆఫ్ చేసి ఉండాలి, లేదా అది చెడిపోయి ఉండాలి. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సాధారణంగా దానంతటదే ఆన్ అవుతుంది. అప్పటికీ దీపం ఆరకపోతే బండిని సర్వీసు సెంటర్‌కు పంపాలి. పనిలోపనిగా టైరు పక్క భాగం మీద నాలుగంకెల సంఖ్య చూసుకోవాలి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని లెక్క.