పరుగు దానంతటదే రాదు

"పిలకాయలకు పరుగెత్తేది గూడా నేర్పియ్యాల్నా?" పలమనేరు చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో ఆటల పీరియడ్ ఊసెత్తితే వినబడే మొదటి జవాబు ఇది. చేలగట్ల మీద, చెరువుకట్టల మీద పెరిగే బిడ్డలకు పరుగెత్తడం, దూకడం, విసరడం పుట్టుకతోనే వస్తాయట. బడి చెప్పాల్సింది అక్షరాలూ అంకెలేనట. కాసేపాగితే అదే నోట ఇంకో మాట వస్తుంది: "కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఇంటోళ్లకు ఎవరు జవాబు చెప్తారు? గదిలోనే కూచోబెట్టండి." పుట్టుకతో వచ్చే విద్యే అయితే అంత భయం దేనికి? భయపడాల్సినంత ప్రమాదం ఉంటే నేర్పకుండా వదిలేయడం ఎలా? రెండు మాటలూ కలిసి నిజం కాలేవు. నిజానికి రెండూ తప్పే.

మూడో తరగతి పిల్లల చేత బంతి విసిరిస్తే సంగతి తెలిసిపోతుంది. నేర్పని పిల్ల లక్ష్యానికి ఎదురుగా నిలబడుతుంది. కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకేస్తుంది. నడుము కదలదు, మోచెయ్యి మాత్రం ముందుకు తోస్తుంది, బంతి నాలుగడుగుల అవతల పడుతుంది. అదే పిల్లను పక్కకు తిప్పి, ఎడమ భుజం లక్ష్యం వైపు ఉంచి, ఎడమకాలు ముందుకేసి నడుము తిప్పుతూ విసరమంటే ఒళ్లంతా ఆ విసురులోకి వస్తుంది. దీన్ని చూసి చెప్పగలిగితే చాలు, పతకాలు గెలిచిన కోచ్ అక్కర్లేదు. అమెరికాలో డేల్ ఉల్‌రిచ్ 1985లో తెచ్చిన పరీక్ష 3 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో సరిగ్గా ఇలాంటి సంగతులనే చూస్తుంది: ఏ కాలు ముందుకొచ్చింది, నడుము తిరిగిందా, పరుగులో మోచేతులు మడిచి ఉన్నాయా. బంతి ఎంత దూరం పోయిందన్నది దానికి పట్టదు. వయసుతో ఎముక పెరుగుతుంది గానీ ఈ కుదురు వయసుతో రాదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య పెద్ద తేడా కనబడేది కూడా విసరడంలోనే. రాయో బంతో చేతిలో పట్టుకుని వీధిలో తిరిగే వీలు ఎవరికి ఎక్కువ దొరుకుతుందో ఊళ్లో అందరికీ తెలుసు.

"మా కాలంలో బిల్లంగోడు, ఏడు పెంకులాట నేర్పలేదా?" అంటారు పెద్దలు. నేర్పాయి, కాదనలేం. అయితే ఎవరికి? గురి ఉన్నవాడికి మళ్లీ మళ్లీ వంతు వచ్చేది. గురి లేనివాడు మొదట్లోనే ఔటై గట్టు మీద కూర్చునేవాడు. ఎవరికి ఎక్కువ సాధన కావాలో వాళ్లకే తక్కువ దొరికే పద్ధతి అది. పైగా ఆ ఆటలాడిన ఖాళీ జాగాలు చాలావరకు ఇళ్ల ప్లాట్లయ్యాయి. ట్యూషన్లు, ఫోన్లు పోగా మిగిలిన సాయంత్రం ఎంత? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒగర్చేలా ఒళ్లు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బడి పుణ్యాన అందులో సగమైనా అందని బిడ్డకు మిగతాది వీధి ఇస్తుందనుకోవడం ఆత్మవంచన.

ఇక ప్రమాదం సంగతి. దెబ్బలు తగిలేది విసరడం వల్ల కాదు, అందరూ తలో దిక్కుకు విసరడం వల్ల, ఒకడు విసురుతుండగా ఇంకొకడు ఏరడానికి పరుగెత్తడం వల్ల. ముగ్గుపిండితో ఒక గీత గీసి, అందరూ గీత వెనక నుంచి ఒకే దిక్కుకు విసరాలని, విజిల్ వేశాకే అందరూ కలిసి ఏరుకోవాలని చెప్తే సగం భయం పోతుంది. ఇనుప గుండు చిన్నపిల్లల చేతికి ఇవ్వనక్కర్లేదు. చింతగింజలు నింపి కుట్టిన గుడ్డసంచి చాలు. మదనపల్లె మార్కెట్ ఉన్న సీమలో గురికి ఖాళీ టమాటా క్రేటు దొరకదా? దూకేటప్పుడు కాళ్లు బిర్రబిగించి మడమల మీద దిగితే ఆ అదురు మోకాళ్లకూ వెన్నుకూ కొడుతుంది. "చప్పుడు కాకుండా దిగండి" అంటే చాలు, పిల్లలు మోకాళ్లు వాటంతటవే మడుస్తారు. ముగ్గుపిండితోనే ఒక కొస ఇరుకు, ఇంకో కొస వెడల్పుగా 'ఏరు' గీస్తే, ఎవరికి చేతనైన చోట వాళ్లు దాటుతారు. ఎవరూ ఔట్ కారు. పరుగు చివరి గీత గోడకు ఆనుకుని కాక ఎంతో ఇవతల ఉండాలి, వేగం తగ్గడానికి చోటు కావాలి కదా. హర్డిల్ కావాలంటే రెండు పుస్తకాల సంచుల మీద కర్రను వదులుగా పెట్టండి. కాలు తగిలితే కర్ర పడాలి, పిల్ల పడకూడదు.

డ్రిల్ సారు లేడన్న ఫిర్యాదులో నిజముంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ప్రతి తరగతికీ ఆటసామాను ఇవ్వాలంది. కానీ వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ని చెప్పింది 6 నుంచి 8 తరగతులకే, అదీ 100 మంది పిల్లలు దాటితేనే. ఒకటి నుంచి ఐదు వరకు, అంటే ఈ నైపుణ్యాలు కుదురుకునే వయసులో, ఆ ఊసే లేదు. అందుకని ప్రాథమిక బడి టీచర్లైన ఎస్జీటీలు చేతులెత్తేయాలా? ఒకే గదిలో ఐదు తరగతులున్న పల్లె బడుల కోసం మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చదువును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి బిడ్డా తన వేగంతో ఎక్కేలా కార్డులు తయారుచేసింది. ఆ పద్ధతి స్ఫూర్తితోనే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తమ బోధనను మార్చుకున్నాయి. చదవడానికి మెట్లు కట్టిన ఈ నేల మీద దూకడానికి మెట్లు కట్టలేమనడం వింతగా ఉంది.

"ఎవరో ఒక జ్యోతి పుడుతుందిలే, అందరికీ ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. 2023 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచిన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ హర్డిల్స్ బాట పట్టింది హైస్కూలు వయసులోనే. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024లో కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి, మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెను మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడి కన్నే. ఆ కన్ను లేని ప్రాథమిక బడి ఐదేళ్లలో ఎందరు జారిపోతున్నారో లెక్కే లేదు. అయినా పతకం రాని పిల్లకూ ఒళ్లు ఉంది. బస్సు కదిలేలోపు ఎక్కడానికి, తడి మెట్టు మీద జారినప్పుడు నిలదొక్కుకోవడానికి ఆమెకూ ఈ కుదురు కావాలి.

చేయాల్సిన పని టీచర్లకు శిక్షణనిచ్చే కార్వేటినగరం డైట్ నుంచే మొదలవ్వాలి. టీచర్ కాబోయేవాళ్లు వ్యాయామ విద్యను పరీక్ష కోసం రాసి వదిలేయకుండా గ్రౌండులో చేసి చూపించాలి. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లను స్కూల్ కాంప్లెక్స్ సమావేశం రోజున ఒక గంట బయటికి పిలిచి, చెప్పులు విడిపించి, గీత వెనక నిలబెట్టి చింతగింజల సంచి విసరమనాలి. కుడికాలు ముందుకొచ్చే టీచర్లు చాలామందే ఉంటారు.