ఆటలో అందరికీ వంతు



రోగిని ఇంటికి తీసుకుపోయేటప్పుడు బంధువులు ఎన్నో సంగతులు అడుగుతారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, పెరుగు తినవచ్చా, మళ్ళీ ఎప్పుడు రావాలి అని అడుగుతారు. ఇవన్నీ అడగవలసినవే. కాని "ఈమె రోజంతా ఇంట్లో ఏం చేయాలి?" అని అడిగేవారు బహు తక్కువ. ఆ ప్రశ్న కూడా వైద్యంలో భాగమేనని మా అభిప్రాయము.

చాలా ఇళ్ళలో జరిగేది మనకు తెలిసిందే. మంచం గోడవారగా వేస్తారు. వేళకు అన్నం, వేళకు మందు అందుతాయి. చేయి సాచి ఏదైనా అందుకోబోతే "నీకెందుకు, పడుకో" అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా నెల తిరిగేసరికి ఆ మనిషి ఇంట్లో ఉండి కూడా ఒంటరి అవుతుంది. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక తెలిపింది. గుండె జబ్బు, పక్షవాతం, మతిమరుపు వంటి జబ్బుల ముప్పు కూడా దానివల్ల పెరుగుతుందని చెప్పింది. కనుక ఒంటరితనాన్ని మనసుకు సంబంధించిన చిన్న సంగతిగా తీసివేయరాదు.

దీనికి ఖరీదైన మందు అవసరం లేదు. నేలమీద సుద్దముక్కతో 25 గడులు గీసి, నాలుగు గవ్వలు తెస్తే అష్టాచెమ్మా సిద్ధం. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. వామనగుంటలకు 14 గుంటల పలక, గుప్పెడు చింతపిక్కలు చాలు. ఈ ఆటలలో ఒక మంచి గుణమున్నది. ఎదుట మనిషి లేకుండా ఆట లేదు. వంతు వచ్చినప్పుడు తాతయ్య కోసం మనుమరాలు ఆగవలసిందే. టీవీ ఎవరి కోసమూ ఆగదు. ఫోనులో ఆట ఒక్కడే ఆడుకోవచ్చు.

పక్షవాతం వచ్చినవారికి ఈ ఆటలు మరొక మేలు చేస్తాయి. బలహీనపడిన చేతిని పనికి వచ్చే కదలికలతో మళ్ళీ మళ్ళీ వాడితేనే అది కోలుకుంటుంది. గుంటలోంచి పిక్కలు తీసి ఒక్కొక్కటిగా పంచడం అటువంటి కదలికే. అయితే ఫిజియోథెరపీ మానేసి ఆట ఆడమని మా ఉద్దేశము కాదు. దానితోబాటు ఇది.

క్షయ రోగుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. క్షయ గాలి ద్వారా వ్యాపించే జబ్బు. గవ్వలు, పళ్ళెం, దుప్పటి ముట్టుకుంటే అంటదు. మందులు సక్రమంగా వాడుతూ, డాక్టరు జాగ్రత్తగా ఉండమన్న తొలి వారాలు దాటిన తరువాత కూడా ఆ మనిషిని ఆటకు దూరంగా కూర్చోబెట్టడం అన్యాయం.

ఇక ఇంటి చేతిపనుల మాట. ఈ ప్రాంతానికి ఇందులో పాత పేరున్నది. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెంలో 19వ శతాబ్దం చివరి కాలంలో సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ దంపతులు స్త్రీలకు లేసు పనిలో ఆధారం చూపించారు. దుమ్ముగూడెం లేసు విదేశాలలో కూడా అమ్ముడుపోయింది. అల్లిక, కుట్టు, వెదురు పని రోగికి మంచి తోడు. చేతిలో ఒక పని ఉన్న మనిషి రేపటి గురించి ఆలోచిస్తాడు.

అయితే ఇక్కడొక హెచ్చరిక. నరసాపురం లేసు స్త్రీల గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ స్త్రీలు గంటల తరబడి అల్లుతున్నా, "ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసుకునే పనే కదా" అన్న మాట వారి కూలిని అణచివేసిందని ఆమె చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట మాత్రం మన ఇళ్ళలో ఇంకా ఉన్నది. ఎండాకాలం తునికాకు తెచ్చి, సాయంత్రం 50 ఆకుల చొప్పున కట్టలు కట్టే తల్లి చేసేది కాలక్షేపం కాదు, కష్టం. ఇష్టమున్నప్పుడు మొదలుపెట్టి, అలసినప్పుడు ఆపగలిగితేనే అది సరదా పని.

రాత్రి ఆట విషయంలో కూడా ఇంతే. అందరూ గవ్వలు వేస్తుంటే తల్లి ఒక్కతే గిన్నెలు తోముతూ ఉంటే, ఆ ఇంట్లో ఆట సగమే జరిగింది. ముందు నలుగురూ కలిసి గిన్నెలు కడగండి. తరువాత నలుగురూ కూర్చోండి. థర్మల్ కేంద్రంలో షిఫ్టు డ్యూటీలు చేసేవారి ఇళ్ళలో రాత్రి కుదరకపోవచ్చు. వారు కలిసి ఉండే వేళ ఏదైతే అదే ఆట వేళ. అరగంట చాలు.

కొన్ని జాగ్రత్తలు మరువకండి. గురివింద గింజలు చూడటానికి అందంగా ఉన్నా విషం. నమిలి మింగితే ప్రాణాపాయం. వాటిని ఆటకు వాడవద్దు. పిల్లవాడు మింగినట్లు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. చింతపిక్కలు, గవ్వలు కూడా పసిపిల్లల గొంతులో అడ్డుపడతాయి కనుక ఆట కాగానే లెక్కపెట్టి దాచండి. షుగరు వల్లగాని, కుష్ఠు వల్లగాని వేళ్ళకు స్పర్శ తగ్గినవారు సూది, కత్తి పని చేయకూడదు. వెదురు పేడు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా సంగతి కనుక్కోండి. అల్లిక మంచి వెలుతురులోనే చేయండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారి కోసం పలకను బల్లమీద పెట్టండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి.

మీ ఇంట్లో మంచాన ఉన్నవారు ఎవరైనా ఉంటే, ఈ సాయంత్రం మంచం దగ్గరకే పలక తీసుకువెళ్ళండి. గెలిపించాలని చూడవద్దు. జాలిపడి ఆడే ఆట పెద్దవారు ఇట్టే పసిగడతారు. వారి చేతికి గవ్వలిచ్చి, వారి వంతు వారిని వేయనివ్వండి.