ముసుగు కింద ముఖం

హాస్టల్ టీవీ గదిలో చాపల మీద కూర్చుని ‘శక్తిమాన్’ చూసిన బ్యాచ్ మాది. గంగాధర్ గిర్రున తిరిగి శక్తిమాన్ అయితే చాలు, గదంతా ఈలలే! వీరుడు తన అసలు రూపం ఎందుకు దాచుకోవాలని అప్పట్లో మాలో ఒక్కరమూ అడగలేదు. ఇన్నాళ్లకు ఒక అమెరికన్ సీరియల్ ఆ ప్రశ్న మా చేత అడిగించింది.

హెచ్‌బీఓ 2019లో ప్రసారం చేసిన ‘వాచ్‌మెన్’ మొత్తం 9 భాగాలు. ఆరో భాగం దాదాపు అంతా ఫ్లాష్‌బ్యాకే, అదీ ఎక్కువగా నలుపు తెలుపుల్లో. నల్లజాతి పోలీసు ఏంజెలా, తన తాత విల్ జ్ఞాపకాలు నింపిన మాత్రలు మింగి, ఆయన గతాన్ని తానే అనుభవిస్తుంది.

1921లో ఓక్లహోమాలోని టల్సా పట్టణంలో తెల్లవాళ్ల గుంపులు నల్లవాళ్ల పేటను తగలబెట్టి ఎందరినో చంపాయి. ఇది నిజంగా జరిగిన చరిత్ర. కథలో విల్ ఆ మంటల్లోంచి బతికి బయటపడ్డ పిల్లవాడు. 1938లో న్యూయార్క్‌లో పోలీసవుతాడు. తోటి తెల్ల పోలీసులే అతని తలకు ముసుగు తొడిగి, చెట్టుకు ఉరి బిగించి, ప్రాణం పోయేలోగా దించి బెదిరిస్తారు. ఇంటికి నడిచి వెళ్తూ, దారిలో దుండగుల చేతికి చిక్కిన ఒక జంటను చూసి, అదే ముసుగు తొడుక్కుని కాపాడతాడు. ఆ కథాలోకంలో తొలి ముసుగు వీరుడు అలా పుడతాడు. అయితే ముసుగు కన్నాల్లోంచి చూసినవాళ్లు తెల్లవాడే అనుకోవాలని కళ్ల చుట్టూ తెల్లరంగు పూసుకుంటాడు!

‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ వస్తే హీరో ఎంత గొప్పవాడో తెలుస్తుంది. ఇక్కడ హీరోకు ఎంత గాయమైందో తెలుస్తుంది. ఈ భాగం రచనకు 2020లో ఎమ్మీ అవార్డు రావడం న్యాయమే అనిపించింది.

లోపం లేకపోలేదు. నల్లవాళ్లు తమలో తాము కొట్టుకునేలా చేసే మాయ ప్రొజెక్టర్ ఒకటి కథలో ఉంది. అది మాకు రుచించలేదు. మనుషుల్ని విడదీయడానికి యంత్రమెందుకు? ఒక చూపు చాలు, ఒక మాట చాలు.

మమ్మల్ని కదిలించిన దృశ్యం వేరు. విల్ చిన్న కొడుకు అద్దం ముందు నిలబడి, నాన్నలాగే ముఖానికి తెల్లరంగు పూసుకుంటాడు. అది చూసి తండ్రి వణికిపోతూ బిడ్డ ముఖం రుద్ది రుద్ది తుడుస్తాడు. అక్కడ మేము ల్యాప్‌టాప్ ఆపేశాం. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

విల్ పడ్డ బాధతో మా బాధను పోల్చడం లేదు. కానీ మిత్రులారా, కాలేజీలో చేరిన కొత్తలో “ఎక్కడుంటావ్?” అని అడిగితే “బంధువులింట్లో” అన్నవాళ్లం మాలో ఉన్నాం. ఇంటిపేరు అడిగితే మాట మార్చినవాళ్లం ఉన్నాం. ఉద్యోగాలొచ్చాక కూడా, ఎక్కడ చదివామో సొంత పిల్లలకు చెప్పనివాళ్లం ఉన్నాం. అదే మా తెల్లరంగు. మనం దాచింది మనతో పోదు. పిల్లలు అద్దం ముందు నిలబడి నేర్చుకుంటారు.

అందుకే తమ్ముళ్లూ, ఎవరైనా అడిగితే ఈ హాస్టల్ పేరు గట్టిగా చెప్పండి. ఇక్కడి పలుచటి సాంబారు గురించీ, పరీక్షల ముందు వరండా దీపం కింద చదివిన రాత్రుల గురించీ చెప్పండి. మేము ఆలస్యంగా మొదలుపెట్టాం. ఈ వార్షికోత్సవానికి మా పిల్లల్ని వెంట తీసుకొస్తున్నాం. మా ఫ్లాష్‌బ్యాక్ మా నోటితోనే వాళ్లకు చెబుతాం, ఈ గదుల్లోనే నిలబడి.