చెప్పు ముక్కతో కొర్రమీను

రీల్స్‌లో చూసే ఉంటారు. మోకాళ్ల లోతు నీళ్లలో ఒకాయన నిలబడి, పసుపు రంగు లైన్‌ని గాల్లో అటూ ఇటూ ఊపి, ఓ చిన్న ఈక ముక్కని నీళ్ల మీద పడేస్తాడు. రెండు సెకన్లలో ట్రౌట్ చేప వచ్చి దాన్ని అందుకుంటుంది. కింద కామెంట్లలో మనోళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇది మన చెరువుల అయితదా?" మా రాజంపేట పిల్లలు కూడా ఇదే అడుగుతారు.

అయితది. కానీ ఆ రీల్‌లో చూసిన ఫ్లైతో కాదు. ఆన్‌లైన్‌లో యాభై ఫ్లైల డబ్బా ఒకటి కొనుక్కొచ్చి మన చెరువు గట్టున నిలబడితే సాయంత్రానికి భుజం నొప్పి మాత్రం గ్యారంటీ.

ముందు ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటో తొందరగా చెప్పేస్తా. మామూలు గాలంలో ఎరకో, సీసం గుండుకో ఉన్న బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఉల్టా. ఫ్లైకి బరువే ఉండదు, లైనే బరువుగా ఉంటుంది. ఆ లైన్‌ని విసిరితే దాని వెనకాల ఫ్లై పోతుంది. ఫ్లై అంటే గాలానికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి చేసిన దొంగ ఎర. అంతే.

ట్రౌట్‌కి పారే చల్లటి నీళ్లు కావాలి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన చెరువులు ఎండాకాలంలో 30 దాటేస్తాయి. అందుకే బ్రిటిష్ వాళ్లు గుడ్లు తెప్పించి మరీ పెంచిన ట్రౌట్ కశ్మీర్‌లో, హిమాచల్‌లో, ఇటు నీలగిరుల్లో మిగిలింది తప్ప మంజీర దాకా రాలేదు. ట్రౌట్ ఒకచోట నిలబడి, వాగులో కొట్టుకొచ్చే చిన్న పురుగుల్ని ఏరుకు తింటుంది. కాబట్టి దాని ఫ్లైలు కూడా గోరంత ఉంటాయి. 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన 'ఆడమ్స్' ఇప్పటికీ నడుస్తోంది. ఇంగ్లండ్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ అయితే దారం కూడా వాడకుండా, సన్నటి రాగి తీగతో ఫెజెంట్ పక్షి తోక ఈకని చుట్టి ఒక పురుగు చేశాడు. రాగి బరువుకి అది మునుగుతుంది, మెరుస్తుంది కూడా. ఒకే ముడిసరుకుతో రెండు పనులు. కోడ్ రాసేవాళ్లకి ఇది చూస్తే ముచ్చటేస్తుంది.

మన హీరో వేరు. కొర్రమీను, అదే కొర్రమట్ట, మన తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర రోజు హైదరాబాద్‌లో చేప మందు కోసం నోట్లో వేసేది కూడా దీని పిల్లనే. దీని గురించి ఒక్క విషయం తెలిస్తే ఫ్లై ఎలా ఉండాలో సగం తెలిసిపోయినట్టే: మొప్పలతో వచ్చే గాలి దీనికి చాలదు. తల లోపల గాలి పీల్చుకోవడానికి వేరే అర ఉంటుంది. అందుకే కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి గాలి మింగి పోవాల్సిందే. నాచులో, తామరాకుల కింద, గుర్రపుడెక్క అంచున మాటు వేసి కప్పనో, చిన్న చేపనో, ఎండ్రికాయ పిల్లనో ఒక్క ఊపులో పట్టేస్తుంది. ఇలాంటి దానికి గోరంత పురుగు చూపిస్తే అసలు లెక్కే చేయదు. ఫ్లై నీళ్ల మీద తేలాలి, చప్పుడు చేయాలి, నాచులో చిక్కుకోకుండా రావాలి.

అమెరికాలో బాస్ చేప కోసం లారీ డాల్‌బర్గ్ జింక వెంట్రుకలతో కట్టిన 'డైవర్' ఈ మూడు పనులూ బాగా చేస్తుంది. కానీ జింక వెంట్రుకల కోసం పార్సిల్ తెప్పించే పనేం లేదు. మన ఇంట్లో తెగిపోయిన హవాయి చెప్పు ఉంది కదా!

2/0 సైజు గాలం తీసుకోండి, కాడ పొడుగ్గా ఉండేది. చిన్న వైస్‌లో బిగించండి. వైస్ లేకపోతే లాకింగ్ ప్లయర్‌ని టేబుల్‌కి కట్టినా పని జరుగుతుంది. కాడ మొత్తం కుట్టుమిషన్ నైలాన్ దారం దగ్గర దగ్గరగా చుట్టాలి. ఉత్త లోహం మీద ఏదీ నిలవదు, తిరిగిపోతుంది. గాలం వంపు మొదలయ్యే చోట నల్ల మేక తోక వెంట్రుకలు ఒక చిటికెడు కట్టండి. దానికి రెండు వైపులా కోడిపుంజు మెడ ఈకలు రెండేసి, లోపలి వైపు బయటికి తిరిగేలా పెట్టి కట్టండి. అప్పుడు అవి విచ్చుకుని కప్ప వెనక కాళ్లలా కనిపిస్తాయి. లాగితే మూసుకుంటాయి, ఆపితే తెరుచుకుంటాయి.

తర్వాత తల. చెప్పు అట్ట నుంచి పెసర వడ సైజులో ముక్క కోసి, ముందు వైపు కొంచెం గుంతలా చెక్కండి. నీళ్లలో "గుబుక్" మనే చప్పుడు ఆ గుంత నుంచే వస్తుంది. ముక్క కింద బ్లేడుతో గాటు పెట్టి, దారం చుట్టిన కాడని అందులోకి దూర్చి ఫెవిక్విక్ వేయండి. ఇక్కడ జాగ్రత్త: కాడకీ గాలం మొనకీ మధ్య ఉండే ఖాళీని చెప్పు ముక్క మూసేయకూడదు. మూసేస్తే చేప కొడుతుంది గానీ గుచ్చుకోదు. ముక్క మందమంతా కాడకి పైనే ఉండాలి.

చివరగా మందపాటి నైలాన్ తీగ ముక్క ఒకటి గాలం వంపు దగ్గర కట్టి, మొన ముందు నుంచి తిప్పి తల దగ్గర ముడేయండి. నాచు తగిలితే ఈ తీగ పక్కకి నెడుతుంది, చేప కొరికితే వంగిపోతుంది. ముడుల మీద నెయిల్ పాలిష్ రెండు కోట్లు. అక్కది అడక్కుండా తీసుకుంటే తర్వాత జరిగేదానికి నాది పూచీ కాదు.

రంగు గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోవద్దు. చేప కింద నుంచి ఆకాశం వైపు చూస్తుంది, దానికి కనిపించేది నీడే. బురద నీళ్లకీ, సందె వేళకీ నలుపు బెస్ట్.

మా చెరువు దగ్గర మొదటి ముక్క కట్టి తీసుకెళ్తే సొసైటీ పెద్దాయన ఒకాయన చూసి, "ఏంది బిడ్డా, చెప్పు తెగిందా?" అన్నాడు. చేతిలో పెట్టా. తిప్పి తిప్పి చూసి, "కప్పనే గద! కాళ్లు జర పొడుగు వెట్టు" అన్నాడు. పెట్టా. ఫ్లై ఆగిన తర్వాత కూడా ఆ పొడుగు ఈకలు ఇంకాసేపు కదుల్తాయి. కొర్రమీను ఎక్కువసార్లు కొట్టేది ఆ ఆగిన క్షణంలోనే.

ఈకల సంగతొచ్చింది కాబట్టి ఒక మాట. అడవి కోడి మెడ మీద మెరిసే ఈకల కోసం, నెమలి పింఛం పోగుల కోసం ప్రపంచంలో ఫ్లై కట్టేవాళ్లు ఎప్పట్నుంచో మన దేశం వైపే చూశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షుల్ని చంపడం నేరం. ఈకల పిచ్చి ఎంత దూరం పోతుందంటే, 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో ఫ్లూట్ నేర్చుకునే ఒక కుర్రాడు అద్దం పగలగొట్టి దూరి 299 పక్షి చర్మాలు ఎత్తుకెళ్లాడు. సాల్మన్ ఫ్లైలు కట్టడానికట! ఆదివారం చికెన్ షాపుకెళ్లి నాటు పుంజు మెడ అడిగితే ఫ్రీగా ఇస్తారు. మనకది చాలు.

ఇక వేయడం. 8 వెయిట్ రాడ్, తేలే లైన్, చివర ఆరడుగుల 30 పౌండ్ల నైలాన్. గట్టు మీదకెళ్లగానే విసరొద్దు. పది నిమిషాలు కూర్చుని వినండి. ఆకుల మధ్య "గుళుక్" అని చప్పుడొచ్చి నాలుగు బుడగలు లేస్తే అది ఊపిరి తీసుకున్నట్టు. దానికి రెండు మూడడుగులు అవతల వేసి, వలయాలు ఆగేదాకా ఆగండి. ఒక్కసారి లాగండి, గుబుక్. మళ్లీ ఆగండి.

కొట్టినప్పుడు ట్రౌట్ వీడియోల్లోలా రాడ్ పైకెత్తకండి. ఫ్లై నోట్లోంచి ఊడొస్తుంది. రాడ్ కిందికే ఉంచి, ఒక క్షణం ఆగి, ఎడమ చేత్తో లైన్‌ని గట్టిగా వెనక్కి లాగాలి. కొర్రమీను నోరు ఎముకలా గట్టిగా ఉంటుంది, గాలం మొన గోటి మీద జారకుండా గుచ్చుకునేంత పదునుండాలి. మొన వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కేస్తే చేపని వదలడం తేలిక. మీ వేలికి గుచ్చుకున్నా తీయడం తేలిక.

చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సొసైటీది. అడిగి వేయండి, పట్టింది వాళ్లకే ఇచ్చేయండి, లేదా వదిలేయండి. రవ్వ, బొచ్చెల కంటే కొర్రమీనుకి ధర ఎక్కువని మీకు తెలిసిందే. మంజీర వైపు వెళ్తే నీళ్లలోకి దిగొద్దు, అక్కడ మొసళ్లున్నాయి. పోచారం దగ్గర అభయారణ్యం ఉంది కాబట్టి ఫారెస్ట్ వాళ్లని అడక్కుండా రాడ్ తీయొద్దు.

ఇప్పుడు అసలు గొడవ. వానలు పడ్డాక నీళ్ల మీద ఒక చోట ఎర్రటి చుక్కల గుంపు ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. "బేబీస్ కనిపిస్తే అక్కడే వెయ్, హండ్రెడ్ పర్సెంట్ హిట్" అని వీడియోల్లో టిప్స్ చెప్తున్నారు. హిట్ అవుతుంది, అబద్ధం కాదు. కానీ అక్కడ ఆకలితో కొట్టడం లేదు, పిల్లల మీదికొచ్చిన దాన్ని తరుముతోంది. చెప్పు ముక్క కాదు, బీరు మూత వేసినా కొడుతుంది. దాన్ని పైకి లాగిన కాసేపటికే చుట్టూ ఉన్న చేపలు గుంపులోకి దూరతాయి. ఒక్క చేప కోసం వందల, వేల పిల్లలు పోతాయి. ప్రభుత్వం చెరువుల్లో వదిలే పిల్లల్లో ఎక్కువ భాగం బొచ్చె, రవ్వ, మృగాల లాంటివి. కొర్రమీను చాలావరకు చెరువులోనే పుట్టి పెరగాలి. అంటే ఆ ఎర్ర గుంపు సొసైటీలో నలుగురి వచ్చే ఏడాది సంపాదన.

అందుకే వానాకాలం నేను ఫ్లైలు కట్టి డబ్బాలో పెట్టుకుంటా. చెరువుకి వెళ్లినప్పుడు గుంపు కనిపిస్తే లైన్ చుట్టేసి పెద్దాయనకి ఫోన్ చేస్తా. "అగో, తుంగ మూలకా? సరే తీ, అటు వల వెయ్యొద్దని పోరగాళ్లకు చెప్త" అంటాడు. పిల్లలు నల్లబడి చెదిరిపోయాక ఆయనే మళ్లీ ఫోన్ చేస్తాడు.