సంపాదకుని మాట: అతుకులు, పూతలు

హైదరాబాదులో నాగారమునకును నాచారమునకును నడుమ, 1971లో వెలసిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సునందు, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టములలో యురేనియం గుళికలను నింపి, వాని కొసలను విద్యుత్తు పుట్టించు వేడిమితో రవ్వంత సందైనను లేకుండ అతికి మూయుచున్నారు. ఆ అతుకు నిలిచిననే రియాక్టరు భద్రముగా నడచును. ఇంతటి విద్య మన ఇరుగుపొరుగుననే వర్ధిల్లుచుండగా దానిని గూర్చి మన భాషలో వ్రాయబడినది అత్యల్పమని మేము చింతించుటయే అతుకులు, పూతలను గూర్చిన ఈ సంచికకు మూలము.

అతుకువలెనే పూతయు అవసరమే: యంత్రభాగము తరచుగా పైపొరయందే క్షయించును; వెండ్రుకవాసి అరిగినంతనే మణుగుల కొలది లోహము తుక్కుపాలగును. కోబాల్టు వంటి లోహములకై పరదేశముల నాశ్రయించు మనకు ఈ వ్యర్థము తగదు. బాలాపూరులోని ఏఆర్‌సీఐ అను పరిశోధనాకేంద్రపు శాస్త్రజ్ఞులు ఆక్సిజన్, అసిటిలీన్‌ల విస్ఫోటబలముతో కోబాల్టు కలిసిన టంగ్‌స్టన్ కార్బైడు పొడిని ఉపరితలముపై దట్టించు విధానమును సాధించిరి. కార్బైడు అరుగుదల నోర్చును, దానిని పట్టియుంచు కోబాల్టు పగుళ్లను వారించును. కఠినమునకు మృదువు తోడగు ఈ పొందికయే మా రచనలన్నిటి అంతస్సూత్రము.

ఒక్కొక్క వ్యాసమును ఇచట విప్పి చెప్పబోము. ఉప్పల్, నాచారం కార్ఖానాలలో ముసుగు ధరించి నిప్పురవ్వల నడుమ నిలుచు వెల్డరు అనుభవమునకు మాత్రము, శాస్త్రజ్ఞుని గణితముతో సమానమైన స్థానమును బుద్ధిపూర్వకముగనే కల్పించితిమి.