పెద్దబోరు రైఫిలు: జిల్లా మేజిస్ట్రేటు గారికి బహిరంగ లేఖ

పశ్చిమ మేదినీపూరు జిల్లా మేజిస్ట్రేటు మహాశయులకు, ఖరగ్‌పూర్ తాల్‌బగీచా నివాసియగు తెలుగువాడొకడు వ్రాయునది.

ఆయుధపు లైసెన్సులు మరింత ఉదారముగ నొసగుడని కోరుటకు నేనీ లేఖ వ్రాయుటలేదు. పెద్దబోరు, అనగా గొట్టపు రంధ్రము వెడల్పగు, రైఫిలు గృహస్థుని యింట నుండదగిన వస్తువు కాదనియే నా నిశ్చితాభిప్రాయము. కాదనునప్పుడైనను కారణము వ్రాసి, వేళ దాటకుండ తెలుపుడని మాత్రమే నా విన్నపము.

లిట్టన్ ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధ చట్టము భారతీయుని లైసెన్సుకై వాకిట నిలిపి, ఐరోపీయుని విడిచిపుచ్చినది. ఈ రైల్వే పట్టణముననే బెంగాల్ నాగపూర్ రైల్వే దొరలును, ఆంగ్లో ఇండియనులును సహాయక సేనాదళమున చేరి రైఫిలు పట్టి కవాతు చేయుచుండగా, శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి వచ్చి వర్క్‌షాపున సుత్తి పట్టిన మా పెద్దలు దానిని దూరమునుండి చూచినవారే. 1931లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరునకుండవలెనని తీర్మానించెను. ఆ యేడే సెప్టెంబరు 16న మా పొరుగుననున్న హిజ్లీ నిర్బంధ శిబిరమున నిరాయుధులగు బందీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించిరి. 1931 మొదలు 1933 లోపల మేదినీపూరు మేజిస్ట్రేటులగు పెడ్డీ, డగ్లస్, బర్జ్ ఒకరి వెనుక నొకరు విప్లవకారుల గుండ్లకు బలియైరి. తుపాకి యనగానే ఉలికిపడుట ఈ జిల్లా యధికారులకు పీఠముతోపాటు సంక్రమించినదనుకొన్నను తప్పులేదు.

1959 నాటి ఆయుధ చట్టము ఇరువది అంగుళములకు తగ్గని గొట్టముగల నున్నగొట్టపు తుపాకిని ఆత్మరక్షణకును, మందు కూరి కాల్చు నాటుతుపాకిని పంట కాపుకును అడిగినవారియెడ కొంత మెత్తదనము చూపి, పెద్ద రైఫిలు విషయమున మాత్రము తగిన కారణమును చూపుమన్నది. త్రీ నాట్ త్రీ వంటి నిషిద్ధ బోరులు తమ చేతిలోనివి కావు, కేంద్ర గృహశాఖవి. ఆ సైనికపు తూటాను తప్పించుటకే మన ఇచ్ఛాపూర్ కర్మాగారపు వేటరైఫిలు .315 బోరున తయారైనది. అంతకు మించిన .375 మొదలగు మహాఘోర రైఫిళ్లకు వేట యను కారణమొకటి యుండెడిది; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో అదియు పోయినది. దల్మా కొండలనుండి దిగివచ్చు ఏనుగులు మన జిల్లా వరిచేలు త్రొక్కుట నిజమే. అయినను వానిని మరలించుట అటవీశాఖ బాధ్యత. చేతగాని గురికి గాయపడిన యేనుగు ఊరినే నేలమట్టము చేయగలదు.

ఇక వారసుల సంగతి. 2016 నాటి ఆయుధ నిబంధనలను బట్టి, లైసెన్సుదారుడు మరణించినను, డెబ్బదియేండ్లు నిండినను, ఇరువదియైదేండ్లు ఆయుధము నుంచుకొన్నను వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చును. 2019 నాటి చట్ట సవరణ మనిషికి మూడుగా నున్న ఆయుధములను రెండుగా తగ్గించెను. లైసెన్సు లేని యింట తుపాకి నిలువరాదు గనుక దానిని థానాలోగాని, లైసెన్సుగల వ్యాపారియొద్దగాని అప్పగింపవలెను; గడువు దాటిన పిమ్మట జప్తు చేయుటకు ముందు తమరు నోటీసు పంపి ముప్పది దినముల వ్యవధి నీయవలెను. భర్త పోయిన యిల్లాలికి ఆంగ్లమున వచ్చు ఆ నోటీసు మందుచీటీయో, పెన్షను కాగితమో తెలియునా?

పోలీసు నివేదిక వేళకు రాకున్నను, దానికై నిరీక్షింపక నిర్ణయించు నధికారము చట్టము తమకొసగినది. ఆస్తి చాలదను నొక్క కారణమున లైసెన్సు నిరాకరింపరాదనియు అదియే పలికినది. రైల్వే కూలి బిడ్డకు ఇంతకన్న గౌరవమైన వాక్యము ఆ చట్టమున మరియొకటి లేదు. నిరాకరించినచో కారణములు వ్రాయవలెను, అడిగినచో సంగ్రహముగ తెలుపవలెను. ప్రజాహితమునకు భంగమగునపుడే దాచవచ్చును. కారణము తెలియనివాడు పై యధికారికి అప్పీలు చేసికొనుట యెట్లు?

2020 డిసెంబరున రాష్ట్ర మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిశ్చయించినది గదా. కావున ఖరగ్‌పూరునకు పంపు వారసత్వపు నోటీసులను, నిరాకరణ పత్రములను ఆంగ్లముతోపాటు తెలుగునను వ్రాయింపుడని, నిర్ణయమునకు గల గడువును ఆ పత్రముపైననే ముద్రింపింపుడని ప్రార్థించుచున్నాను.