వాహన సంరక్షణ: పొగగొట్టపు ప్యాకింగు

అమ్రోలి నుంచి కార్లలో విధులకు వచ్చే మిత్రులకు ఒక మనవి. ఉదయం ఇంజను నడిపించగానే 'టిక్ టిక్'మని సన్నని చప్పుడు వినిపించి, వేడెక్కిన కొద్దిసేపటికి అణగిపోతే, దానంతటదే బాగుపడిందని భావించరాదు. ఇంజను హెడ్డుకూ, పొగను సేకరించే మానిఫోల్డుకూ నడుమ ఉండే గ్యాస్కెట్ (మెకానిక్కుల మాటలో 'ప్యాకింగు') పాడయిందనుటకు తరచు అదే తొలి సూచన. వేడికి లోహం వ్యాకోచించి సందు తాత్కాలికంగా మూసుకొంటుంది, అంతే.

అసలు ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్ వల్ల. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. కతార్గాం వైపు తాపీ వంతెనపై, వానలో అద్దాలు బిగించుకొని బారులో నిలిచినప్పుడు పిల్లలకు తలనొప్పి, వికారం కలిగితే ప్రయాణపు బడలికగా కొట్టివేయకండి. వెంటనే అద్దాలు దించి, వారిని బయటి గాలికి చేర్చండి. సి.ఎన్.జి. బండికి పొగ కనబడదు గనుక భయం లేదనుకొనుట పొరపాటు.

ప్యాకింగు మార్చుటకు ఇంజను పూర్తిగా చల్లారాలి. తుప్పుపట్టిన నట్లకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించడం మేలు. బలవంతం చేస్తే స్టడ్డు విరిగి, పూటలో ముగిసే పని హెడ్డు విప్పేదాకా వస్తుంది. మానిఫోల్డు వంగిందేమో ఉక్కు స్కేలు ఆనించి చూడనిదే కొత్తది వేయించుట వృథా. నట్లను మధ్యనుంచి చివరలకు, విడతలుగా, తయారీదారు సూచించిన టార్కుకే బిగించాలి. పాత ప్యాకింగుకే మామూలు సిలికాన్ పూసి సరిపెట్టే మెకానిక్కు వద్దకు మరల వెళ్లకండి.